ఏడాకుల పొట్లం

ముసురు పట్టిందంటే ఆ అడవిలో ముప్పై రోజులు ఎవరూ గడప దాటరు. అందుకే వానలకు ముందు జరిగే సంతలో నక్క కొట్టు దగ్గర ఒకటే తోపులాట. వేయించిన పల్లీల్ని టేకాకుల్లో చుట్టి, నారతో కట్టి వరసగా పేర్చింది నక్క. ఒక్కో పొట్లం తూకపు రాయికి సరిసమానం. ఆ రాయి బరువు తొంభై పల్లీలని అందరికీ తెలుసు.

కుందేలమ్మకు ఆరుగురు పిల్లలు. రోజుకు తలా పదిహేను చొప్పున లెక్కేసి, ముప్పై పొట్లాలు కొంది. ఇంటికెళ్లి ఒకటి విప్పి పంచితే నలుగురికే వచ్చాయి. మిగతా ఇద్దరూ ఏడుపు లంకించుకున్నారు.

పొట్లాలన్నీ మోసుకుని పరుగున వెనక్కొచ్చింది. "నక్కన్నా, పల్లీలు తక్కువొచ్చాయి!"

"తూచుకో చెల్లెమ్మా."

ఇంకో పొట్లం తక్కెడలో పెడితే ముల్లు నిటారుగా నిలబడింది. పక్కనే ఉన్న ఉడుత ఊరుకోకుండా ఆకులు విప్పింది. "ఏడాకులు! వీటి బరువే ముప్పై పల్లీలు. అంటే లోపల అరవయ్యే. మొత్తం కలిపినా ఇరవై రోజులకే సరి. చివరి పది రోజులు పిల్లలు టేకాకులు నమలాలా?"

"ఆకు లేకుండా పొట్లమెలా కడతానే, గుప్పెడంత లేవు! ఆకుతో కలిపే తూకం."

సంతకు పెద్ద అయిన దున్న నెమరు ఆపింది. "సరే. ఇవాళ సంతలో అందరికీ అదే పద్ధతి. ఒప్పుకుంటావా?"

"నూరుసార్లు ఒప్పుకుంటా!"

ఉడుత వెళ్లి ఎండుచేపలమ్మే కొంగ చెవిలో ఏదో ఊదింది.

మధ్యాహ్నం నక్క పల్లీలిచ్చి కొంగ దగ్గర ఒక పొట్లం కొంది. అక్కడే విప్పింది. ఆకు. దాని కింద ఆకు. ఇరవై ఆకులు తీశాక చిటికెనవేలంత చేప!

"ఇదేంటే కొంగా?"

"తూచుకో అన్నా."

"ఆకుల్ని ఎవరైనా తూకంలో కలుపుతారా? నేను తినేది చేపనా, ఆకునా?" అని నక్క అరిచింది. సంతంతా ఘొల్లున నవ్వింది. అప్పటికిగానీ తనేమన్నదో దానికి అర్థంకాలేదు.

"విన్నారుగా!" అంది దున్న. "నక్క చెప్పిందే న్యాయం. ఇకనుంచి ముందు రాయి ఉన్న తట్టలో అన్నే వట్టి ఆకుల్ని పెట్టి, అప్పుడే పొట్లం తూచాలి. కొంగా, నువ్వూ దాని చేపలు దానికివ్వు. నక్కా, కుందేలమ్మకు తగ్గినవి లెక్కపెట్టు."

నక్క చెమటలు కక్కుతూ లెక్కపెట్టింది. ఉడుత ఎదురుగా కూర్చుంది.

"ఎనిమిది వందల తొంభై తొమ్మిది... అయిపోయాయి!"

"తొమ్మిది వందలు మావా. బుగ్గలో ఉన్నదాన్ని ఉమ్మెయ్!"

తొలి చినుకు పడేసరికి కుందేలమ్మ ఇంట్లో ఆరు బొజ్జలూ నిండాయి.

నీతి: నువ్వు అమ్మేటప్పుడు పెట్టిన తూకమే నువ్వు కొనేటప్పుడూ ఎదురొస్తుంది.