జోగారావు మాస్టారి ‘ఫర్వాలేదు’

పాలకొండ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే జోగారావు మాస్టారికి పాఠమంటే నోరు ధారాళంగా ఆడేది గానీ, మెచ్చుకోవడానికి మాత్రం పెగిలేది కాదు. పొగిడితే పిల్లలు చెడిపోతారని ఆయన గట్టి నమ్మకం. ఎంత బాగా చేసినా మహా అయితే "ఫర్వాలేదు" అనేవారు. ఆ మాటైనా అందరికీ దక్కేది కాదు. ఇరవై ఏళ్ళలో ఏ ముగ్గురికో నలుగురికో దక్కింది. ఆయన దృష్టిలో అదే పెద్ద బిరుదు. ఆ సంగతి ఆయనకు తప్ప లోకానికి తెలియదు పాపం!

ఆయన దగ్గర డిగ్రీ పూర్తిచేసిన హైమావతి, హైదరాబాదులో ఒక విత్తన పరిశోధన కేంద్రంలో శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. ఉన్నది ఒక్కటే సీటు. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. చదువు చెప్పిన గురువు చేత ఉత్తరం రాయించుకు రమ్మన్నారు వాళ్ళు.

ఉత్తరం రాసేముందు మాస్టారు ఆమె రికార్డు పుస్తకాలన్నీ తిరగేశారు. వరి ఆకుల మీద తెగులు మచ్చలను రోజూ కొలిచి రాసిన పట్టికలు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. ఒకచోట తను తప్పు చెప్పిన మొక్క పేరును కూడా ఆ పిల్ల దిద్దుకుంది. "అమ్మో, ఘటికురాలే!" అనుకున్నారు. "అద్భుతం" అని రాయబోయారు. చెయ్యి సాగలేదు. చివరకు "ఈ అమ్మాయి పని ఫర్వాలేదు" అని ఒక్క వాక్యం రాసి, సంతకం చేసి, కవరు అంటించి ఇచ్చారు. ఎంత గొప్ప మాట రాశానో అని మురిసిపోయారు కూడా.

ఇంటర్వ్యూ నాడు మధ్యాహ్నం మూడింటికి ఆయనకు ఫోను వచ్చింది.

"మాస్టారూ, పరిశోధన కేంద్రం డైరెక్టర్ని మాట్లాడుతున్నాను. మీరే ఫర్వాలేదంటే మేమెలా తీసుకుంటాం చెప్పండి?"

"అదేమిటండీ! నా నోట ఆ మాట రావడమే గొప్ప!"

"మాకెలా తెలుస్తుందండీ? నీ పని ఎలాంటిదని ఆ అమ్మాయినే అడిగాను. ‘ఏదో అంతంతమాత్రం సార్, మా మాస్టారు అంతకుమించి ఎప్పుడూ అన్లేదు’ అంది. నాలుగింటికి జాబితా పెడుతున్నాం. ఇంకేమైనా చెప్పాలంటే ఈలోగా రాసి పంపండి."

మాస్టారు కంగారుగా లేచారు. కాగితం తీశారు. రెండు వాక్యాలు రాసి కొట్టేశారు. మెచ్చుకునే అలవాటు లేని చేతికి మాటలు దొరకలేదు. మూడున్నర అయింది. ఇక మాటలు వెతకడం మానేసి, ఆ పిల్ల చేసింది చేసినట్టు రాసుకుపోయారు. వానలో గొడుగు పట్టుకుని ఆకులు కొలవడం, తన తప్పు దిద్దడం, ఏదీ వదలలేదు. "నా దగ్గర ఇంతటి విద్యార్థి ఇంకెవరూ చదవలేదు" అని ముగించి, నాలుగింటికి అయిదు నిమిషాలుండగా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. జవాబు వచ్చేదాకా ఆయన కుర్చీలో కూర్చోలేకపోయారు.

సీటు హైమావతికే వచ్చింది. ఊరికి రాగానే ఆమె వచ్చి మాస్టారికి దండం పెట్టింది.

"నీ పని చాలా గొప్పదమ్మా," అన్నారాయన.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ మాట ముందే అనుంటే బాగున్ను మాస్టారూ! పోయినేడు యూనివర్సిటీ ఎంట్రన్సుకి ఫారం తెచ్చుకుని కూడా పెట్టనేదండి. నాకంత సత్తా నేదనుకున్నాను."

మాస్టారు తలవంచుకున్నారు. పోయిన ఆ ఏడాదిని ఏ ఉత్తరమూ తిరిగి తేలేదు.

నీతి: అర్హులను మెచ్చుకోకపోవడం వాళ్ళకు అణకువ నేర్పడం కాదు, అన్యాయం చేయడం. మెచ్చుకోవలసిన వేళకే నోరారా మెచ్చుకోవాలి.