మూడు వాక్యాల గది

అనగనగా మొగలివాడ అని ఒక రాజ్యం. రాజ్యానికో రాజు, రాజుకో ఏరు, ఏటి ఒడ్డున ఒక హైస్కూలు. ఆ బడిలో ఇంగ్లీషుకు మూడు గదులుండేవి. గడగడా మాట్లాడేవాళ్ళకు మేడ మీది గది. తడుముకుంటూ మాట్లాడేవాళ్ళకు నడిమి గది. అసలు నోరే పెగలనివాళ్ళకు వంటసాల పక్కన పెంకుల గది.

ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన నూకాలుది పెంకుల గదే. అక్కడ సూరన్న మాస్టారు మొదట మూడే వాక్యాలు నేర్పేవారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ నెమ్మదిగా చెప్పండి. నేను విన్నది ఇదీ, సరేనా? నిద్రలో లేపి అడిగినా ఈ మూడూ ఇంగ్లీషులో చెప్పాలి. తక్కిన చదువంతా ఆ తర్వాతే.

మేడ గది పిల్లలు ఊరుకుంటారా? దానికి మూడు వాక్యాల గది అని పేరు పెట్టేశారు. పెడితే పెట్టారు, ఉగాది నాటికి నూకాలు చిన్న చిన్న కథలు కూడబలుక్కుని చదివేస్తోంది. ఇంకో రెండేళ్ళు చదివితే రేవులో ఉత్తరాలు రాసే పని దొరుకుతుందని, అప్పుడు అమ్మ చేత ఉప్పుగంప దింపించేస్తానని ఆ పిల్ల ఆశ.

ఆ గది మీద మంత్రిగారి కన్ను పడింది. అదంతా వానాకాలం చదువని, మూసేసి ఆ మాస్టారిని మేడకెక్కిస్తే మంచిదని రాజుగారి చెవిలో వేశారు. రాజుగారు ఆలోచిస్తామన్నారు. ఆ మాట విన్న రోజు నూకాలుకు అన్నం సయించలేదు. గది పోతే తనకు మళ్ళీ ఉప్పుమళ్ళే గతి.

ఆ రోజుల్లోనే ఒక ఇంజనీరు దొర ఏటికి అడ్డంగా నాలుగు ఇనప తలుపులు కట్టించాడు. పని పూర్తయింది, దొర ప్రయాణం కట్టాడు. వరదొస్తే ఆ తలుపులేం చెయ్యాలో చెప్పి పోతానన్నాడు. దొర మాటను తెలుగు చేసి చెప్పే దుబాసీ చూస్తే జ్వరంతో మంచం పట్టాడు. మనకు హైస్కూలుండగా దిగులెందుకని రాజుగారు బడికి కబురంపారు.

ఏటి ఒడ్డున ఇసుకలోనే సభ తీరింది. మొదట మేడ గది నుంచి విజయసారథి వచ్చాడు. దొర గడ్డంలోంచి గబగబా ఏదో చెప్పాడు. విజయసారథి ఠీవిగా తలూపి, వరదొస్తే తలుపులన్నీ ఎత్తెయ్యమన్నారని రాజుగారికి విన్నవించాడు.

ఎందుకైనా మంచిదని రాజుగారు నడిమి గది సుభద్రను పిలిపించారు. దొర మళ్ళీ చెప్పాడు. ఆ పిల్ల కూడా తలూపి, అన్నీ దించెయ్యమన్నారంది.

ఎత్తాలా, దించాలా? రాజుగారికి తల తిరిగిపోయింది. అప్పుడు సూరన్న మాస్టారు చేతులు కట్టుకుని, మా నూకాలును కూడా అడిగి చూడండి ప్రభూ అన్నారు. మంత్రిగారు మీసాల చాటున నవ్వుకున్నారు.

నూకాలు వచ్చి నిలబడింది. దొర మూడోసారి చెప్పాడు. పాపం, దానికి నాలుగు మాటలు కూడా చిక్కలేదు. సభంతా తన్నే చూస్తోంది. తనూ తలూపేసి పారిపోదామా అనిపించింది. అయినా గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అంది.

"నాకు అర్థం కాలేదండి."

సభలో కిసుక్కుమని నవ్వులు. దొర విసుక్కుంటూ మళ్ళీ చెప్పాడు.

"మళ్ళీ నెమ్మదిగా చెప్పండి."

దొర ఈసారి ఒక పుల్ల తీసుకుని ఇసుకలో నాలుగు గీతలు గీసి, ఒక్కొక్క మాటే చెప్పాడు. నూకాలు వేలితో గీతలు చూపిస్తూ, తనకు వచ్చిన ముక్కల ఇంగ్లీషులోనే తిరిగి అప్పజెప్పింది.

"నేను విన్నది ఇదీ, సరేనా?"

దొర అడ్డంగా తలూపాడు. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ అప్పజెప్పింది, మళ్ళీ తప్పే. మూడోసారికి దొర ముఖం విప్పారింది. టోపీ తీసి ఆ పిల్లకు వంగి నమస్కరించి బండెక్కాడు.

నూకాలు రాజుగారి వైపు తిరిగింది. ముందు నడిమి తలుపులు రెండే ఎత్తాలట. నీరు కాస్త తీశాకే చివరివి ఎత్తాలట. చివరివి ముందెత్తితే నీళ్ళు మట్టిగట్టును కోసేస్తాయట. అంతవరకూ చెప్పి ఊపిరి పీల్చుకుంది.

ఇది మాత్రం నిజమని నమ్మకమేమిటని మంత్రిగారు సణిగారు. ఆ పిల్ల చెప్పినట్టే చేద్దాం, గది సంగతి వరద వెళ్ళాకే తేలుస్తామన్నారు రాజుగారు.

శ్రావణంలో ఏరు పొంగింది. ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది. నూకాలు అమ్మ చెయ్యి పట్టుకుని వానలో నిలబడింది. నడిమి తలుపులు రెండూ లేచాయి. నీళ్ళు హోరుమని దూకాయి. సాయంత్రానికి ఏరు ఒక మెట్టు దిగింది. అప్పుడు చివరి తలుపులు ఎత్తారు. గట్టు చెక్కు చెదరలేదు. నూకాలు అమ్మను కావలించుకుని ఏడ్చేసింది.

మర్నాడు రాజుగారే బడికొచ్చారు. తెలియకుండా ఎందుకు తలూపావని విజయసారథిని అడిగారు.

"అడిగితే నాకు రాదనుకుంటారని భయపడ్డాను ప్రభూ," అన్నాడు వాడు తల వంచుకుని.

రాజుగారు కోప్పడలేదు. ఆయన కూడా ఎన్నోసార్లు అలా తలూపినవారే కదా! పెంకుల గది ఉంటుందని, ఆ మూడు వాక్యాలూ ఇకపై మూడు గదుల్లోనూ మొదటి పాఠమని శాసించారు. ఆ పాఠం చెప్పడానికి నూకాలు మొదటిసారి మేడ మెట్లెక్కింది. ముందు బెంచీలో విజయసారథి, వాడి పక్కన ఇరుక్కుని మంత్రిగారు కూర్చున్నారు.

పిల్లలూ, తెలియనిది తెలియదని చెప్పడం చిన్నతనం కాదు, తెలిసినట్టు తలూపడమే చిన్నతనం.