పెదవుల మీద ఆగిన పేరు

బ్రదర్ శౌరికి ఒక్క అక్షరంతోనే పేచీ. అది 'మ'.

నత్తి అనగానే మాట తిరిగి తిరిగి రావడమే అనుకుంటాం. అది అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి మాట తడబడుతుంది, కొందరికి సాగుతుంది. శౌరికి అసలు బయటికే రాదు. మాట మధ్యలో మ వస్తే ఏ ఇబ్బందీ లేదు. మొదట్లో వచ్చిందా, పెదవులు రెండూ కలుసుకుని అక్కడే అతుక్కుపోతాయి. మెడ నరాలు ఉబ్బుతాయి, చెవులు ఎర్రబడతాయి, శబ్దం మాత్రం పుట్టదు.

చిన్నప్పుడు బడిలో పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు జడిసి అతనొక ఉపాయం కనిపెట్టాడు. మ తో మొదలయ్యే ప్రతి మాటకూ బదులు ఇంకో మాట పట్టుకున్నాడు. తెలుగులో దొరకనప్పుడు ఇంగ్లీషులో వెతికాడు. మెర్సీ అనాల్సిన చోట కంపాషన్ అన్నాడు. మిరకిల్ అనాల్సిన చోట ఎక్స్‌ట్రార్డినరీ ఇంటర్వెన్షన్ అన్నాడు. అలా వెతికి వెతికి, ఏ మాటలో ఏ అక్షరం ఉందో, ఏ అక్షరం లేదో, డిక్షనరీ అంతా అతని నాలుక మీదికొచ్చేసింది.

గుట్టపాడు మఠంలో శిష్యుడుగా చేరేసరికి, ఆ భయమే జనం కళ్ళకు పాండిత్యమైంది. సాయంత్రం కాగానే మఠం హాస్టలు పిల్లలు చుట్టుముట్టేవాళ్ళు.

"బ్రదర్, ఎక్సూ వై రెండూ ఉన్న మాట!"

"ఆక్సిజన్."

"అబ్బ, అది బుల్లిది. పెద్దది కావాలి."

"ఎక్స్‌ప్లనేటరీ."

"ఒక్క అక్షరం కూడా రెండోసారి రాకూడదు. బాగా పొడుగ్గా ఉండాలి. చెప్పండి చూద్దాం!"

"అన్‌కాపీరైటబుల్."

పిల్లలు దాన్ని పుల్లతో నేల మీద రాసుకుని, ఒక్కో అక్షరమే కొట్టేసుకుంటూ పోయి, చివరికి నోళ్ళు తెరిచేవాళ్ళు. వంటింటి గుమ్మంలోంచి మార్తమ్మ కేకేసేది.

"ఆ పొడుగు మాటలతో కడుపు నిండుద్దా ఏంది బాబూ? చారు చల్లారిపోతాంది, రాండి!"

మార్తమ్మ మఠంలో వంట మనిషి. నా అన్నవాళ్ళు లేరు. ఆఖరి పిల్లవాడు కంచం కడిగి బోర్లించేదాకా తను ముద్ద ముట్టేది కాదు. శౌరి ఆమెను "అమ్మా" అని పిలిచేవాడు. ఆమెకది ముద్దుగా ఉండేది. పేరు పలకలేక అలా పిలుస్తున్నాడని ఆమెకు తెలుసో లేదో ఎవరికీ తెలియదు.

ఆ ఊళ్ళో క్రైస్తవులకు ఒక ఆచారం ఉంది. శవపెట్టెను గోతిలోకి దించాక, మట్టి వేసే ముందు, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. బళ్ళో హాజరు పిలిచినట్టే. చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళ తరఫున పలుకుతారు. అదయ్యాకే మట్టి. ఎవరు పిలవాలో పోయేవాళ్ళు ముందే చెప్పుకుంటారు.

ఆ చలికాలం మార్తమ్మ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం శౌరి జావ తాగిస్తుంటే అతని చెయ్యి పట్టుకుంది.

"నన్ను నువ్వే పిలవాల బాబూ."

"అమ్మా, అవన్నీ ఇప్పుడెందుకు?"

"నువ్వు పిలవకపోతే నేను కదల్ను. గోతిలోంచి లేచొచ్చి నీకు ఉప్పులేని చారు పోస్తా."

శౌరి నవ్వాడు. నవ్వుతూనే తల ఊపాడు. ఆమె కన్నుమూసిన పొద్దున ఆ తల ఊపడం అతనికి గుర్తొచ్చింది.

మాట తప్పలేడు. పేరు పలకలేడు. తనకు పలకదన్న సంగతి ఇంతమందిలో బయటపడితే, ప్రసంగాలు చెప్పే పనికి తనను ఎవరు పంపుతారు? పెట్టెకు మేకులు కొడుతున్నంతసేపూ అతను మనసులో ఇంగ్లీషు ప్రార్థన ఒకటి కూర్చుకున్నాడు. అందులో ఏ మాటా ఆ అక్షరంతో మొదలవదు. తీసుకెళ్ళి గురువు ఫాదర్ ఇన్నయ్యకు వినిపించాడు.

ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"బాగుంది నాయనా. ఆమె పేరేదీ?"

"డిపార్టెడ్ సోల్ అంటే ఆవిడేగా ఫాదర్. అందరికీ తెలుస్తుంది."

"ఊఁ," అన్నారాయన. 

సమాధుల దొడ్డి మిరప చేలను ఆనుకుని ఉంటుంది. కోతల రోజులు. అయినా ఆడామగా అందరూ పని మానుకుని వచ్చారు. పెట్టె దిగింది. శౌరి గొంతు సవరించుకుని అందుకున్నాడు. సెల్ఫ్‌లెస్‌నెస్, హాస్పిటాలిటీ, ఇన్‌ఎగ్జాస్టిబుల్ కంపాషన్... మాటలు ఒకదాని వెంట ఒకటి గోతి మీదుగా దర్జాగా సాగిపోయాయి. "ఏం ఇంగ్లీషమ్మా, మన మార్తమ్మకి ఎంత భాగ్యం," అనుకున్నారు ఆడవాళ్ళు.

అయిపోయింది. పార పట్టుకున్నవాళ్ళు కదల్లేదు. ఫాదర్ ఇన్నయ్య వైపు చూశారు.

"పిలువు నాయనా," అన్నారాయన.

శౌరి గోతిలోకి చూశాడు. "అమ్మా," అన్నాడు.

జనంలోంచి ఆరోగ్యమ్మ అనే ముసలామె మెల్లిగా అంది. "అమ్మంటే అందరూ అమ్మలేగా బాబూ. పేరు పెట్టి పిలవాల."

శౌరి పెదవులు కలుసుకున్నాయి. అక్కడే ఆగిపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎక్కడో ఒకచోట నవ్వు మొదలవుతుందని అతనికి తెలుసు.

నవ్వు రాలేదు. బట్టల సవ్వడి వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే ఫాదర్ ఇన్నయ్య చెప్పులు విప్పి పక్కన పెడుతున్నారు. కీళ్ళ నొప్పులతో పూజలో కూడా మోకరించలేని మనిషి, ఒక చెయ్యి నేలకానించి, మెల్లగా, ఆ మట్టికుప్ప పక్కనే చతికిలబడ్డారు. తెల్లని అంగీకి ఎర్రమట్టి అంటింది. ఆయన శౌరి వైపు చూడలేదు. గోతి వైపు చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు.

పార పట్టుకున్న కుర్రాడు రాయప్ప, ఒకప్పుడు ఆ హాస్టల్లో తిన్నవాడే, అటూ ఇటూ చూశాడు. "పోనీ నేను పిలిచేదా ఫాదర్? పొద్దెక్కిపోతాంది. కోతలు..."

"కూకోరా," అంది ఆరోగ్యమ్మ. "నీ కంచం కోసం ఆమె ఎంత పొద్దు కూకుందో ఎరుగుదువా?"

రాయప్ప పార నేలకు ఆనించి కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ కూర్చుంది. చంటిపిల్లల తల్లులు కూర్చున్నారు. హాస్టలు పిల్లలు కూర్చున్నారు. నిలబడ్డది శౌరి ఒక్కడే.

ఎండ పెరిగింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. అతని మొహంలోకి జాలిగా చూసినవాళ్ళు కూడా లేరు. గంజి ఉడికేదాకా పొయ్యి ముందు కూర్చున్నంత మామూలుగా, ఊరు ఊరంతా ఆ గోతి చుట్టూ కూర్చుని ఉంది. పని పోయినా, పొద్దు పోయినా, ఒక మనిషి నోటి నుంచి ఒక పేరు రావడానికి ఎంతసేపు పడితే అంతసేపూ ఉండేట్టుగా కూర్చుని ఉంది.

శౌరి చుట్టూ చూశాడు. ఇన్నేళ్ళూ తను పారిపోతూ వచ్చిన చోటు ఇది. ఇక్కడ ఇంత నిశ్శబ్దం ఉంటుందని, ఆ నిశ్శబ్దంలో ఇంతమందికి చోటుంటుందని అతనెప్పుడూ ఆగి చూడలేదు. మెడ నరాలు సడలాయి. పెదవులు ఇంకా మూసుకునే ఉన్నాయి. వాటిని అలాగే ఉండనిచ్చాడు.

గాలి మిరప చేల మీదుగా ఘాటుగా వచ్చిపోయింది.

"మ... మా..."

మిగతా పేరు ఎవరూ అందివ్వలేదు.

"మార్తమ్మా!"

"ఉంది! దేవుని దగ్గర ఉంది!" అని చేలు దద్దరిల్లేలా పలికారు జనం. మొదటి పార మట్టి పడింది.

తిరుగుదారిలో ఫాదర్ ఇన్నయ్య శౌరి భుజం ఆసరా చేసుకుని కుంటుతూ నడిచారు. అంగీకి అంటిన మట్టి దులుపుకోలేదు. కాలవ గట్టు దాటాక, ఏదో ఇప్పుడే మరిచిపోయినట్టు అడిగారు.

"ఎవరిని సాగనంపి వస్తున్నాం నాయనా?"

శౌరి నాలుక మీదికి అలవాటుగా ఎన్నో పొడుగు మాటలు వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కదాన్నీ పోనిచ్చాడు. పెదవులు కలుసుకున్నాయి.

అతను నడక ఆపాడు. గురువు కూడా ఆగారు.