హైమావతి బోర్డు

రేపల్లెలో శేషారత్నం టీచరుగారి దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళని ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. ఆవిడని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఒళ్ళో ఏదో ఒక పని పడుతుంది. జాకెట్టు చంకలో ఎందుకు లాగేస్తోందండీ అంటే, "ఈ చెయ్యి విప్పు" అంటారు. విప్పేసరికి మనకే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వసారాలో ఏడు మిషన్లున్నాయి. రెండో మిషను దగ్గర కూర్చునేదాన్ని నేను. ఆవిడంటే నాకున్న గౌరవం దాచుకోవడం నా వల్ల కాదు కాబట్టి, ఈ సంగతి పక్షపాతం లేకుండా చెబుతానని మాత్రం మాట ఇవ్వను.

మూడో మిషను హైమావతిది. ఆరేళ్ళు అక్కడే పనిచేసి, గురువారంనాడు బస్టాండు ఎదురుగా సొంతంగా షాపు తెరవడానికి సిద్ధమైంది. గది కుదిరింది, మిషను వచ్చింది, బోర్డుకి తెల్లరంగు కూడా పూశారు. పేరొక్కటే మిగిలింది. బోర్డులు రాసే ఆదాం మంగళవారం మధ్యాహ్నంలోగా చెప్పి తీరాలన్నాడు. పాపం ఆ పిల్లకి వారం రోజులుగా తిండి సయించక అదే ఆలోచన. ఇంట్లోవాళ్ళని, పక్కింటివాళ్ళని, చివరికి గుంటూరు బస్సు కండక్టరుని కూడా అడిగింది.

మంగళవారం పొద్దున్నే ఒక కాగితం పట్టుకుని టీచరుగారి దగ్గర కూర్చుంది.

"పేరు చూసే కదండీ జనం లోపలికొచ్చేది? వీటిలో ఏది పెడితే వస్తారో మీరే చెప్పండి."

కాగితం మీద నాలుగు పేర్లున్నాయి. మూడింట్లో ఫ్యాషన్, వరల్డ్, డిజైనర్ అనే మాటలు అటూ ఇటూ చోట్లు మార్చుకున్నాయి. నాలుగోది మాత్రం సిగ్గుపడుతూ చిన్న అక్షరాలతో రాసింది: శేషారత్నం లేడీస్ టైలర్స్.

"ఈ నాలుగోది ఎవరిదే?" అన్నారు టీచరుగారు.

"మీదేనండీ. మీ పేరంటే ఊళ్ళో అంత నమ్మకం. మీరు సరేనంటే..."

ఆవిడ సరేననలేదు, కోప్పడనూ లేదు. కాగితం మడిచి సూదుల డబ్బా కింద పెట్టి, "కూర్చో. దీనికి హుక్కులు కుట్టు," అని ఒక జాకెట్టు దాని ఒళ్ళో పడేశారు.

నాలుగు హుక్కులు పడ్డాయో లేదో, వీధిలోంచి కేక.

"రత్నం! ఏం రత్నం! ఉన్నావా? బయటికి రా ఒకసారి!"

ఆ గొంతు పాలకేంద్రం సామ్రాజ్యమ్మది. తెల్లారేసరికి సగం ఊరు ఆవిడ దగ్గర పాలు పోయించుకుంటుంది, పాలతోపాటు కబుర్లు కూడా. ఆవిడ ఫలానాది బాగుందంటే బాగున్నట్టు, బాలేదంటే ఇక అంతే సంగతులు. మిషన్లన్నీ ఆగిపోయాయి. టీచరుగారు మాత్రం ఎవరో పేరంటానికి పిలిచినంత మామూలుగా, "ఆఁ, వస్తున్నా వదినా," అంటూ లేచి గుమ్మంలోకి వెళ్ళారు.

సామ్రాజ్యమ్మ పట్టుచీర కట్టుకుని, భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. చేతిలో మెరూన్ జాకెట్టు.

"ఒక్కసారి ఉతికానమ్మా, ఒక్కటంటే ఒక్కసారి! చూడు, ఎలా ముడుచుకుపోయిందో! పన్నెండింటికి మా మేనకోడలి నిశ్చితార్థం. నీ పేరు చూసి కదా ఇచ్చాను, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

టీచరుగారు జాకెట్టు తిరగేసి చూశారు. పైగుడ్డ బాగానే ఉంది. లోపలి లైనింగు కుంచించుకుపోయి దాన్ని లాగేస్తోంది. కొత్త లైనింగు గుడ్డని నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. ఆ వసారాలో మొదటిరోజు నేర్పే పాఠమే అది. దాన్నే ఎవరో ఎగ్గొట్టారు.

ఎవరో ఏమిటి, మెడ దగ్గర చేతికుట్టు చివర పెళ్ళిలో వేసినట్టు మూడు ముళ్ళున్నాయి. రెండు చాలే తల్లీ అని టీచరుగారు ఎంత మొత్తుకున్నా వినకుండా మూడు వేసేది హైమావతి ఒక్కతే. శ్రావణమాసం హడావుడిలో, ముసురుకి గుడ్డలు ఆరక, ఈ ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకుని అలాగే కోసేసింది. ఆ ముళ్ళని టీచరుగారూ చూశారు, హైమావతీ చూసింది.

"తప్పు నాది వదినా. లైనింగు తడపలేదు. లోపలికొచ్చి కూర్చో, గంటలో మార్చి ఇస్తాను," అన్నారు టీచరుగారు.

ఎవరు కుట్టారన్న మాటే ఎత్తలేదు. నేనైతే ముందు ఆ మూడు ముళ్ళూ చూపించి బయటపడేదాన్ని. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

హైమావతి నోరు మెదపకుండా కూర్చుంటే గంటలో గండం గడిచిపోతుంది. నోరు విప్పిందా, రేపు పొద్దున పాలకొచ్చిన ప్రతివాళ్ళకీ తెలిసిపోతుంది, ఆరేళ్ళ కష్టం తలుపులు తియ్యకముందే మూతపడుతుంది. టీచరుగారు దాని వైపు చూడనైనా చూడలేదు, బ్లేడుతో కుట్లు విప్పుకుంటున్నారు. ఆవిడ అలా చూడకపోవడమే ఆ పిల్లని కుదురుగా కూర్చోనివ్వలేదనుకుంటాను.

"సామ్రాజ్యమ్మగారూ," అంటూ లేచి నిలబడింది. "అది కుట్టింది నేనండీ. తడపకుండా వేసింది నేనే. టీచరుగారు కాదు."

"నువ్వా? ఎల్లుండి బస్టాండు దగ్గర షాపు పెడుతున్నది నువ్వే కదూ?"

"అవునండీ."

"బాగానే ఉంది సంబడం!" అని ఆవిడ మొహం తిప్పుకుంది.

టీచరుగారు విప్పిన జాకెట్టు హైమావతి ఒళ్ళో పెట్టారు. బీరువాలోంచి తడిపి, ఇస్త్రీ చేసి ఉంచిన గుడ్డ తీసి పక్కన పెట్టారు. హైమావతే కోసింది, కుట్టింది. మేమెవరం మిషను తొక్కలేదు, వసారా అంతా దాని మిషను చప్పుడే. గంటలోపే పని పూర్తయింది. సామ్రాజ్యమ్మ లోపలికెళ్ళి వేసుకొచ్చి, చేతులెత్తి, దించి, అద్దం ముందు వెనక్కి తిరిగి చూసుకుంది. చక్కగా సరిపోయింది. బాగుందని మాత్రం అనలేదు. చెప్పులేసుకుంటూ ఆగి, "అమ్మాయ్, నీ పేరేంటి?" అంది.

"హైమావతి అండీ."

"హైమావతి. గుర్తుపెట్టుకుంటాలే," అని వెళ్ళిపోయింది.

అది దీవెనో బెదిరింపో మాకెవరికీ తెలియలేదు. హైమావతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయిపోయిందండీ. రేపు పొద్దుటికల్లా ఊరంతా నా పేరే," అంది. అంతలో దాని ఫోను మోగింది. ఆదాం. "ఏమ్మా, కుంచె పట్టుకుని కూర్చున్నాను. పేరు చెబుతావా, భోజనానికి లేవనా?" అంటున్న అతని గొంతు మా అందరికీ వినిపించింది.

హైమావతి టీచరుగారి వైపు చూసింది. ఆవిడ సూదుల డబ్బా కింది కాగితం తీసి, మడత విప్పకుండానే దాని చేతిలో పెట్టారు.

"ఇందాక వీధిలో కేక వినగానే నేను లేచి వెళ్ళానా? రేపు నీ గుమ్మం ముందు ఏ పేరు పెట్టి అరిస్తే నువ్వు అలా లేచి వెళ్తావో, అది చెప్పు అతనికి."