లూనన్న బదులు లూనన్న

రెండు నదుల నడుమ సుమేరు దేశం వెలిగిపోతున్న రోజుల్లో, ఊర్ నగరం పక్కన లూనన్న అనే రైతు ఉండేవాడు. భార్య పేరు గెమెలమ్మ. ఆమె తమ్ముడు దూదు కూడా వాళ్ళ పంచనే ఉండేవాడు. దేశంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. పెద్దలు చెప్పిన మాట మేము పొల్లు పోనివ్వం అని అందరితో చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ కొంప ముంచింది కూడా అదే.

ఆ ఏడు కాలువలో నీళ్ళు తగ్గాయి. బార్లీ పైరు వాడిపోసాగింది. అది ఎండితే ఇంటిల్లిపాదికీ పస్తులే. లూనన్న పని మానుకుని, రోజంతా గుడిలో చంద్రదేవుడి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. పూజారికి జాలేసి, ఊళ్ళో అందరూ చేసే పనే నువ్వూ చెయ్యి అని అతని పోలికతో ఒక రాతి బొమ్మ చెక్కించాడు. చేతులు గుండెల మీద కట్టుకుని, కళ్ళు ఇంతేసి చేసుకుని ఉంది అది.

"ఇక దేవుడి ముందు నీ బదులు ఇది నిలబడుతుంది. ఇది ఉంటే నువ్వు ఉన్నట్టే. పో నాయనా, చేను చూసుకో" అన్నాడు పూజారి.

లూనన్న ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. గెమెలమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. మా ఆయన గుడిలో ఉంటే మరి నువ్వెవరివయ్యా అని అడిగింది. లూనన్న ఒళ్ళంతా తడుముకుని, అవును, మరి నేనెవర్ని అని ఆమెనే అడిగాడు. అంతే, అతణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టి, రొట్టె, ఉల్లిపాయలు తీసుకుపోయి బొమ్మ ముందు పెట్టింది. వాటిని గుడి మేకలు తినేశాయి. మా ఆయనకు గుడికెళ్ళాక ఆకలి పెరిగిందని ఆమె మురిసిపోయింది. గుమ్మం బయట లూనన్న, నేను తిన్నాను కదా, మరి కడుపు ఎందుకు కాలుతోందని తెగ ఆశ్చర్యపోయాడు.

ఇంతలో, చేలకు నీళ్ళు పంచే కాలువ పెద్ద కబురు పంపాడు. రేపు పొద్దున మీ నీటి వంతు, లూనన్న గట్టు మీద నిలబడాలి, లేకపోతే నీళ్ళు పక్క చేలోకి పోతాయి అని. ఇంకేముంది, ఇంట్లో గాభరా మొదలైంది. లూనన్న గుడిలో ఉంటే గట్టు మీద నిలబడేదెవరు? దూదు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏవయ్యా, నువ్వు అచ్చం మా బావలాగే ఉన్నావు. నేను మా బావని గట్టు మీదికి తీసుకుపోతాను. నువ్వు కాస్త గుడిలో ఆయన బదులు నిలబడతావా?"

అయ్యో, సాటి మనిషికి ఆ మాత్రం సాయం చెయ్యనా అన్నాడు లూనన్న.

తెల్లారేసరికి లూనన్న గుడిలో, బొమ్మ గట్టు మీద. ముక్కు మీద ఈగ వాలినా లూనన్న కదల్లేదు. అక్కడ కాలువలో నీళ్ళొచ్చినా బొమ్మ కదల్లేదు. దూదు పార అందించాడు. బొమ్మ తీసుకోలేదు. ఈ వేళప్పుడు చేతులు కట్టుకుంటే ఎలా బావా అని బతిమాలాడు. పోనీ తనే గండి కొడదామంటే, కాలువ పెద్ద చెప్పింది లూనన్న పేరు గాని దూదు పేరు కాదు కదా. ఈలోగా గట్టు నాని మెత్తబడింది. అంతే, అంత బరువు బొమ్మ గట్టును కూడా లాక్కుంటూ బుడుంగుమని కాలువలో పడింది. ఆ గండిలోంచి నీళ్ళు బార్లీ చేలోకి పరుగులు తీశాయి.

దూదు గుండెలు బాదుకుంటూ ఇంటికి పరుగెత్తాడు. చేను తడిసింది గాని బావ మునిగిపోయాడని చెప్పాడు. గెమెలమ్మ జుట్టు విరబోసుకుంది. ఇద్దరూ గుడికి పోయి ఆ చావు కబురు లూనన్నకు చెప్పారు. అతనూ బావురుమన్నాడు. చేను కోసం ప్రాణమే ఇచ్చాను, ఎంత మంచివాణ్ణి అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

చనిపోయినవాణ్ణి ఇంట్లోనే నేల కింద పాతిపెట్టడం వాళ్ళ ఆచారం. ముగ్గురూ ఇంటికి వచ్చి గొయ్యి తవ్వారు. తీరా చూస్తే పాతిపెట్టాల్సిన మనిషి కాలువ అడుగున బురదలో ఉన్నాడు. లూనన్న కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, అది నా బదులు నిలబడింది, దాని బదులు నేను పడుకోకపోతే ఏం మనిషిని అని గోతిలోకి దిగి పడుకున్నాడు. పక్కన బార్లీ కల్లు కుండ పెట్టి, పీల్చుకోవడానికి రెల్లు గొట్టం నోటికి అందించారు. మన్ను కప్పితే గొట్టం పూడుకుపోతుందని కప్పలేదు. ఆ ఇంటి తెలివిలో ఒకరి ప్రాణం నిలబెట్టింది ఆ ఒక్కటే.

చేను విరగపండింది. గోతిలో కుండ ఖాళీ అయినప్పుడల్లా గెమెలమ్మ నింపుతూనే ఉంది. ఒకనాడు ఆమె గోతి అంచున కూర్చుని ఏడుపు అందుకుంది. గింజలు రాలిపోతున్నాయి, పిట్టలు తినేస్తున్నాయి, నువ్వు పోయాక కోసే దిక్కెవరయ్యా అని.

 లూనన్న నోట్లోంచి గొట్టం తీశాడు.

"ఏడవకే. పూజారితో చెప్పి ఇంకో నన్ను చెక్కించు. ఈసారి మాత్రం చేతులు కట్టుకోనివ్వొద్దు, కొడవలి పట్టించమను" అని చెప్పి, మళ్ళీ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.