తాటిదుంగల మీద పప్పుచారు

"గట్టుకి బుంగ పడిందిరోయ్! గోతాలు పట్టుకుని రండిరోయ్!"

వీధి చివర్నుంచి ఏసోబు కేక. మా పేటలో ఏసోబు కేకకీ చర్చి గంటకీ పెద్ద తేడా ఉండదండి. రెండూ ఏటి అవతలి ఒడ్డుకి కూడా వినపడతాయి. ఆ కేక విన్న మగాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి, లుంగీలు ఎగ్గట్టుకుని ఏటిగట్టు వైపు పరుగు తీశారు.

గోదారి అప్పటికే ఎర్రగా పొంగి, గట్టు అంచుని తడుముతోంది. బుంగంటే ఏమీ లేదు, చిన్న కన్నం. చూస్తే ఎలక బొరియలాగే ఉంటుంది. కానీ దాన్ని అలా వదిలేస్తే సాయంత్రానికి గండి అయిపోద్ది. గండి పడిందంటే మాకు చేలూ ఉండవు, పేటా ఉండదు. అందుకని ఆ పూట ఎవరి మొహంలో చూసినా నెత్తురు చుక్క లేదు.

ఆమోసు మొహంలో అయితే మరీను.

ఈ ఆమోసు అనంతపురం వైపు కుర్రాడు. పాస్టరు ట్రైనింగు ముగించుకున్నాడు. పరిచర్య నేర్చుకోమని పెద్దలు పంపిస్తే మా సత్యానందం అయ్యగారి దగ్గరకి వచ్చాడు. మంచివాడు, మాట బంగారం. ఒక్కటే లోటు. వాళ్ల ఊళ్లో ఏరంటే ఇసకేనట. అలాంటివాడు వచ్చి వచ్చి మా కాలవల మధ్య పడ్డాడు. స్నానానికి కూడా రేవులోకి దిగేవాడు కాదు. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకునేవాడు.

మరి అలాంటివాడు ఆ ముందటి ఆదివారం దేని మీద ప్రసంగం చేశాడనుకున్నారు? యేసు శిష్యుడు పేతురు నీళ్ల మీద నడిచి, భయపడి మునిగిపోబోతే ప్రభువు పట్టుకున్న సంగతి!

"గాలిని చూసి భయపడినాడు పేతురు! భయపడినోడికి విశ్వాసం యాడిది? నేనైతే మునిగేవాణ్ణే కాదు!" అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. ఆ గుద్దుడికి బల్ల మీదున్న గ్లాసు బోర్లాపడి నీళ్లన్నీ ఒలికిపోయాయి. కాళ్లు తడవకుండా వాడు చటుక్కున వెనక్కి గెంతాడు కూడా. మేం నవ్వు ఆపుకుని ఆమేన్ అన్నాం.

ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరకి వెళ్లి, "నా ప్రసంగం ఎట్లుంది అయ్యగారూ?" అని అడిగాడు.

"బాగుందయ్యా. గొంతు ఎండిపోయుంటుంది, మంచినీళ్లు తాగు" అన్నారు అయ్యగారు. అంతే. ఇంకో ముక్క లేదు.

ఇక బుంగ పడిన రోజు సంగతికొద్దాం. మగాళ్లు గట్టు మీద ఇసక బస్తాలు మోస్తుంటే, అయ్యగారి భార్య కరుణమ్మగారు చర్చి వెనక పొయ్యిలు పెట్టించారు. మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి పేరున ఒక పిడికెడు తీసి పక్కన ఉంచుతారండి. ఆదివారం నాడు అవన్నీ తెచ్చి చర్చి డబ్బాలో పోస్తారు. ఆ డబ్బాని ఆ రోజు బోర్లించేశారు. సన్నబియ్యం, ముతక బియ్యం, కోటా బియ్యం, అన్నీ ఒకే గిన్నెలో కలిసి ఉడికాయి.

అన్నం గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ముందు వెళ్లిపోయారు. పప్పుచారు గుండిగ మిగిలింది. అది నెత్తికెత్తుకునే సరుకు కాదు. దాని చెవులకి తాడు కట్టి, ఆ తాట్లో వెదురు బొంగు దూర్చి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకోవాలి. పేటంతా వెతికితే మిగిలిన మగాళ్లు ఇద్దరే. డెబ్బయ్యేళ్లు దాటిన అయ్యగారు, ఆమోసు.

గట్టుకి పోవాలంటే మధ్యలో కాలవ దాటాలి. మాకు వంతెనంటే రెండు తాటిదుంగలు. మామూలు రోజుల్లో పిల్లలు కూడా దాని మీద పరిగెడతారు. ఆ రోజు మాత్రం గోదారి పోటుకి కాలవ వెనక్కి తన్ని, నీళ్లు దుంగలకి తగులుతూ సుడులు తిరుగుతున్నాయి. పట్టుకోడానికి కట్టిన వెదురు గడ కాస్తా ఎటో కొట్టుకుపోయింది.

కాలవ చూసి ఆమోసు ఆగిపోయాడు.

"అయ్యగారూ, నేనీడే ఉండి ప్రార్థన చేస్తా."

"చెయ్యి. నడుస్తూ చెయ్యి" అన్నారు అయ్యగారు, బొంగు ఎత్తుతూ.

అవతలి ఒడ్డున సువార్తమ్మ గంప దింపి నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది. ఆవిడ నోటికి పేటంతా జడుస్తుంది.

"ఏమండీ బ్రదర్‌గారూ! మొన్న మమ్మల్నందర్నీ నీళ్ల మీద నడిపించేశారు, ఇవాళ దుంగ మీద నడవడానికి ఆలోచనేంటండీ? ఆ పేతురుకి పాపం దుంగైనా లేదు!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఆమోసు చెవులు ఎర్రబడ్డాయి.

"ముందు నువ్వు నడు" అన్నారు అయ్యగారు.

"ముందర నేనా?"

"వెనక నేనుంటాగా."

ఆ తర్వాత దుంగల మీద జరిగింది ఆమోసు చెప్పగా విన్నదే. సగం దూరం వచ్చేసరికి కింద సుడి కనపడిందట. ఇక అడుగు పడలేదట. బొంగు వణికింది, గుండిగ ఊగింది, మూత కింద నుంచి పప్పుచారు చింది కాలవలో పడింది.

"అయ్యగారూ... కాళ్లు రావడంలే. భయమైతాంది."

"నాకూ భయమేనయ్యా" అని వెనక నుంచి వినపడింది.

"మీగ్గూడానా?"

"మరి? కింద నీళ్లు కనపడటం లేదా?"

"అట్లయితే ఇప్పుడేం జేయల్ల?"

"పప్పుచారు మోయాలి. వాళ్లు పొద్దుటి నుంచి తినలేదు."

ఆమోసు కళ్లు మూసుకున్నాడు. మైకు లేదు, బల్ల లేదు. "ప్రభువా, పట్టుకో!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపు గట్టు మీదున్న మాక్కూడా వినపడింది. ఏసోబే తెల్లబోయాడు, తన గొంతుకి పోటీ వచ్చిందని.

సరిగ్గా అప్పుడే ఆమోసు భుజం మీద బరువు తగ్గిందట. ఎవరో పైనుంచి ఎత్తి పట్టుకున్నట్టు సగానికి సగం తేలికైపోయిందట. కళ్లు తెరిచాడు. ఒక అడుగు పడింది. దాని వెనక ఇంకోటి. కాలికి మట్టి తగిలేదాకా అతనికి ఇంకేమీ గుర్తు లేదు.

గట్టు మీదకి వచ్చి గుండిగ దించీ దించగానే సాక్ష్యం మొదలెట్టాడు.

"అన్నలారా, అక్కలారా! దుంగ మధ్యలో నా ధైర్యమంతా పోయింది. పిలిచినా. పిలవంగానే బరువు తగ్గిపోయింది! ప్రభువే మోసినాడు! నా భుజం సాక్షి!"

"స్తోత్రం!" అన్నారందరూ. సువార్తమ్మ కూడా అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. అయ్యగారు ఒక బస్తా మీద చతికిలబడి, "అవునయ్యా, ఆయనే మోశాడు" అన్నారు. ఆయాసంతో ఆయనకి మాట కూడా సరిగ్గా రావడం లేదు.

కానీ ఎవరూ అన్నం వైపు చూడలేదు. "ముందు బుంగ. కూడు ఎక్కడికీ పారిపోదు, గోదారైతే పేట మీదకి పారిపోద్ది" అన్నాడు ఏసోబు. అందరూ మళ్లీ బస్తాల దగ్గరకి నడిచారు.

ఆమోసుకి ఒళ్లంతా ఉత్సాహం. గుండిగ మోసిన బొంగే తీసుకుని, "ఏసోబన్నా, నేనూ మోస్తా" అని ముందుకొచ్చాడు. తడిసిన ఇసక బస్తాకి తాడు బిగించి, బొంగుకి తగిలించి, ముందు ఆమోసు, వెనక ఏసోబు భుజాన వేసుకున్నారు. నాలుగు అడుగులు వేశారో లేదో ఆమోసు వంగిపోయాడు.

"మీకలవాటు లేదు కదండీ, ఉండండి" అని వెనక నుంచి ఏసోబు తాడు పట్టుకుని, బస్తాని బొంగు మీదుగా తన వైపు లాక్కున్నాడు.

ఆమోసు భుజం మీద బరువు తగ్గింది. సగానికి సగం. ఎవరో పైనుంచి ఎత్తి పట్టుకున్నట్టు.

ఆమోసు ఉన్నచోటే నిలబడిపోయాడు.

"ఏమైందండీ? నడవండి!"

"అన్నా, ఆ తాడు ఒకసారి మధ్యలోకి తే. మళ్లీ నీ దిక్కు లాక్కో."

"గట్టు తెగిపోతుంటే ఈ ఆటలేంటండీ బాబూ!" అని విసుక్కుంటూనే ఏసోబు తాడు ముందుకి తోశాడు, మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. బరువు వచ్చింది, పోయింది.

ఆమోసు తల తిప్పి చూశాడు. అయ్యగారు ఇంకా ఆ బస్తా మీదే కూర్చుని ఉన్నారు. ఎడం చేత్తో కుడి భుజం నెమ్మదిగా పిసుక్కుంటున్నారు. చొక్కా ముందంతా గుండిగ మసి అంటుకుని ఉంది.

ఆమోసు బస్తా దించాడు. ఇంకో బస్తా ఎత్తేటప్పుడు మాత్రం, "అన్నా, ఈసారి వెనక నేనుంటా" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని బస్తాలు మోశాడో మేం లెక్కపెట్టలేదు గానీ, నీళ్లంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు నడుంలోతు బురదలో దిగి నిలబడ్డాడు. భయం పోయిందా అంటే పోలేదండి. పళ్లు టకటకా కొట్టుకోవడం నేను నా చెవులతో విన్నాను. అయినా దిగాడు.

పొద్దు వాలుతుండగా బుంగ లోంచి వచ్చే బురదనీళ్లు తేటపడ్డాయి. తర్వాత సన్నగిల్లాయి. ఏసోబు అక్కడ అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచి, లేచి నిలబడ్డాడు. ఈసారి కేక వెయ్యలేదు.

"నిలబడింది" అన్నాడు, మామూలు గొంతుతో.

ఆ మాటకి కొందరు ఏడ్చారు. ఎందుకేడ్చారో వాళ్లకే తెలీదు.

గట్టు పొడుగునా అరిటాకులు పరిచారు. ఒక పక్క గోదారి, ఒక పక్క మా చేలు, మధ్యలో మా ఆకులు. ఆమోసే వడ్డించాడు. అయ్యగారి ఆకులో పప్పుచారు ఒక గరిటె ఎక్కువే పోశాడు. అయ్యగారు ఆకుకేసి చూశారు గాని, అతని మొహంకేసి చూడలేదు.

"ప్రార్థన చెయ్యవయ్యా" అన్నారు.

ఆమోసు భోజన ప్రార్థనంటే మాకు హడలు. అన్నం చల్లారి, మళ్లీ వేడి చేసుకుని తినాల్సొస్తుంది. అందరం ఓపికగా కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, భయపడినాం. పిలిచినాం. పట్టుకున్నావు. స్తోత్రం. ఆమేన్."

సువార్తమ్మ ఒక కన్ను తెరిచింది. "అయిపోయిందా?"

అందరూ నవ్వారు. ఆమోసూ నవ్వాడు. తన ఆకు తెచ్చుకుని అయ్యగారి పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించాడు.

"అయ్యగారూ, ఆ తాడు..."

"ప్రభువు మోశాడని అందరి ముందూ చెప్పావుగా?"

"చెప్పినా. గానీ..."

"మరింకేంటి? సాక్ష్యం మార్చకు. కాస్త అటు జరుగు, ఏసోబు నిలబడే ఉన్నాడు."

ఆమోసు జరిగాడు. ఏసోబు చేతులు లుంగీకి తుడుచుకుని ఆ సందులో కూర్చున్నాడు. అప్పటికి అందరం కూర్చున్నాం. ఆమోసు తల వంచుకుని, ఆ అన్ని రకాల బియ్యం కలిసిన అన్నంలో పప్పుచారు కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.