నూకాలు పోగు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుందిరా కన్నా. ఆ ఊళ్ళో పైడి, దాని అన్న ఎల్లాజీ, వాళ్ళ పిన్ని కూతురు నూకాలు అని ముగ్గురు పిల్లలు. నూకాలు అందరికంటే చిన్నది.

పొద్దున్నే పెద్దవాళ్ళు వల లాగుతుంటే వీళ్ళూ తాడు పట్టుకునేవాళ్ళు. ఇసకలో పడుతూ లేస్తూ లాగేవాళ్ళు. లాగినందుకు వాళ్ళకీ కాసిని చేపలు పడేసేవారు. అవి పంచుకోవడమే వాళ్ళ ఆట.

మొదటి రోజు ఎల్లాజీ పంచాడు. "దానికొకటి, నీకొకటి, నాకొకటి." తలా ఆరు వచ్చాయి. నూకాలు వాళ్ళమ్మ కూర వండితే మూకుడు అడుగు కూడా నిండలేదు.

"అందరికీ ఆరే కదక్కా, మరి నాకెందుకు చాల్లేదు?" అంది నూకాలు.

ఎందుకంటావు? దానికొచ్చినవన్నీ వేలెడు నెత్తళ్ళు. ఎల్లాజీవేమో అరచెయ్యంత కవళ్ళు.

అప్పుడు రెండో రోజు పైడి అంది, "లెక్కొద్దు, ఎవరి గుప్పెళ్ళతో వాళ్ళం కొలుచుకుందాం." ఎల్లాజీ గుప్పెడు ఎంత, నూకాలు గుప్పెడు ఎంత, నువ్వే చెప్పు.

"దేవుడు నాకు పెద్ద చెయ్యిచ్చాడు, నేనేం చేసేది?" అని నవ్వాడు వాడు. నూకాలు నవ్వలేదు. "రేపట్నించి నేను ఆటకి రాను," అనేసింది.

పైడికి దిగులు పట్టుకుంది. లెక్క తప్పలేదు, కొలత తప్పలేదు, మరి తప్పెక్కడుంది? అనుకుంటూ పెద్దవాళ్ళు చేపలు పంచుకునే చోట చతికిలబడి చూసింది. ఒకాయన పోగులు వేశాడు. ఇంకొకాయన అటు తిరిగి నిలబడ్డాడు. "ఇది ఎవరిది?" అని ఈయన అడిగితే, ఆయన చూడకుండానే ఒక పేరు చెప్పాడు.

మర్నాడు పైడి నూకాలుని బతిమాలి తీసుకొచ్చింది. "పోగులు నువ్వే వెయ్యన్నా. పేర్లు మాత్రం ఇది చెప్తుంది, సముద్రం వైపు తిరిగి."

ఎల్లాజీ మూడు పోగులు వేశాడు. ఏది తనకొస్తుందో తెలీదాయె. ఒక పెద్ద చేపని ఇటు మార్చాడు. దాని బదులు మూడు నెత్తళ్ళు అటు జరిపాడు. మళ్ళీ వంగి చూశాడు.

"చేపలు ఎండిపోతున్నాయన్నా," అంది పైడి.

"ఉండవే. ఈ పోగు ఇంకా బరువుగా ఉంది."

చివరికి అడిగాడు. "ఇది ఎవరిది?"

"ఎల్లాజన్నది."

"ఇది?"

"పైడక్కది."

మిగిలింది నూకాలుది. అది గబుక్కున ఇటు తిరిగి మూడు పోగులూ చూసింది. ఏది చిన్నదో దానికి తెలియలేదు. ఎల్లాజీకీ తెలియలేదు.

నూకాలు తన చేపలు గౌను ఒళ్ళో వేసుకుని, "రేపు కూడా నేనే అటు తిరుగుతా," అంది.

కెరటం కడలికి, వల వాకిటికి,
కథేమో కంచికి, నిద్ర నీ కంటికి.